సంతకం లేని చీటీలు: కంప్యూటరులో ఒక ప్రోగ్రాము మరొకదానికి ఆజ్ఞలిచ్చే పద్ధతులు, వాటివల్ల వచ్చే ప్రమాదాలు

కంప్యూటరు భద్రత అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది బయటినుంచి వచ్చే దొంగ. ఎక్కడో కూర్చున్నవాడు ఇంటర్నెట్టు ద్వారా తాళం పగలగొట్టి లోపలికి జొరబడతాడనీ, గట్టి పాస్‌వర్డు పెట్టుకుంటే రాలేడనీ అనుకుంటాం. అది కొంతవరకే నిజం. మన బల్లమీది కంప్యూటరులో ఒకే సమయాన పదీ పన్నెండు ప్రోగ్రాములు నడుస్తూ వుంటాయి. అవేవీ తలుపు వేసుకొని తమ గదిలో తాము కూర్చోవు. ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకదానిచేత ఒకటి పని చేయించుకుంటాయి. ఆ చెప్పేదెవరు, చెప్పే అధికారం వుందా లేదా అని విచారించే ఏర్పాటు చాలాకాలం పాటు దాదాపు లేదనే చెప్పాలి. ఇప్పటికీ అంతటా లేదు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్న మన సామెత ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో ఈ విషయానికి మేము ఇచ్చేది మహా అయితే ఒక గంట. సెమాఫోర్, పైపు, షేర్డ్ మెమరీ అని మూడు నిర్వచనాలు చెప్పి ముందుకు పోతాం. ఐతే ఫైనలియర్ ప్రాజెక్టులు దిద్దుతున్నప్పుడు చూస్తే, సగానికి సగం ప్రాజెక్టుల్లో ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పిలిచి పని చేయించడం కనిపిస్తుంది. ఎక్సెల్‌ను తెరిపించి పట్టిక రాయించేవారు కొందరు, బ్రౌజరును నడిపించేవారు కొందరు. వాడకం ఇంత పెరిగాక అందులోని మంచిచెడ్డలు తెలుసుకోవడం అవసరం కదా అని ఈ వ్యాసం రాస్తున్నాను.

అవసరం ఎలా వచ్చింది?

ఒక్కో ప్రోగ్రాము ఒక్కో పనిలో నేర్పరి. మార్కులకు మొత్తాలు కట్టాలంటే ఒకటి, రిపోర్టు రాయాలంటే ఒకటి, ఆ రిపోర్టును పంపాలంటే ఇంకొకటి. ఈ మూడింటి మధ్యా అంకెలు మోసే పని మనిషి మీద పడుతుంది. ఆ మోత తగ్గించడానికి చేసిన ప్రయత్నాల చరిత్రే మన విషయం.

1973లో బెల్ లేబరేటరీస్‌లో యూనిక్స్ వ్యవస్థకు పైపు అనే సౌకర్యం వచ్చింది. ఆలోచన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్‌ది, అమలు చేసినది కెన్ థాంప్సన్. ఒక ప్రోగ్రాము బయటికి వదిలిన అక్షరాలు గొట్టంలో నీళ్ళలా రెండో ప్రోగ్రాములోకి పోతాయి. అదే దశకంలో జెరాక్స్ సంస్థవారి పార్క్ పరిశోధనాలయంలో లారీ టెస్లర్, ఆయన సహచరులు కట్, కాపీ, పేస్టు పద్ధతిని తీర్చిదిద్దారు. ఈ రెండింటిలోనూ ప్రయాణం చేసేది సమాచారం మాత్రమే. పైపు కలిపేదీ, పేస్టు నొక్కేదీ మనిషే. కాబట్టి ప్రమాదం తక్కువ.

1980ల చివరికి వచ్చేసరికి సమాచారంతో పాటు ఆజ్ఞలు కూడా పంపడం మొదలైంది. 1987లో విండోస్ 2.0తో డైనమిక్ డేటా ఎక్స్ఛేంజి, అంటే డి.డి.ఇ., వచ్చింది. ఆ ఏడాదే అమిగా కంప్యూటర్లకు ఎ-రెక్స్ వచ్చింది. 1991లో యాపిల్ వారు సిస్టమ్ 7తో యాపిల్ ఈవెంట్స్ ప్రవేశపెట్టారు. 1993లో వాటిని మామూలు ఇంగ్లీషు వాక్యాల్లాంటి మాటలతో పంపడానికి యాపిల్‌స్క్రిప్టు వచ్చింది. అదే 1993లో మైక్రోసాఫ్టు వారి కాంపొనెంట్ ఆబ్జెక్ట్ మోడల్, ఎక్సెల్ 5లో విజువల్ బేసిక్ వచ్చాయి. దాంతో "ఈ అంకె నీ దగ్గర పెట్టుకో" అనే దశ దాటి, "ఈ ఫైలు తెరువు, ఈ వుత్తరం పంపు, ఈ ప్రోగ్రాము నడుపు" అనే దశకు చేరుకున్నాం. చిక్కంతా ఇక్కడినుంచే.

చీటీ ఎలా పోతుంది?

యూనివర్సిటీ ఆఫీసు ఎరిగినవాళ్ళకి దీన్ని వివరించడం తేలిక. ఒక సెక్షన్‌లో గుమస్తా చీటీ రాసి అటెండరు చేతికిస్తాడు. అటెండరు దాన్ని రెండో సెక్షన్‌కి తీసుకుపోతాడు. అక్కడివారు చీటీలో వున్న పని చేసి పంపుతారు. కంప్యూటరులో ఈ చీటీని మెసేజి అంటాం. అటెండరు స్థానంలో ఆపరేటింగ్ సిస్టమ్ వుంటుంది.

డి.డి.ఇ.లో దీన్ని "సంభాషణ" అనే పిలిచేవారు. మూడు పేర్లుంటాయి: ఎవరితో మాట్లాడాలో ఆ ప్రోగ్రాము పేరు, ఏ విషయం మీదో ఆ టాపిక్కు, ఏ ముక్క కావాలో ఆ ఐటెం. ఉదాహరణకు ప్రోగ్రాము ఎక్సెల్, టాపిక్కు మార్కుల ఫైలు, ఐటెం ఫలానా గడి. సంభాషణ మొదలయ్యాక "ఇవ్వు" అని అడగొచ్చు. "మారినప్పుడల్లా చెప్పు" అని అడగొచ్చు. ఈ విలువ పెట్టుకోమని అవతలివాళ్ళ గడిలో కుక్కొచ్చు. వీటన్నిటినీ మించి ఎగ్జిక్యూట్ అనే మాట వుంది. దాంతో పంపిన ఆజ్ఞను అవతలి ప్రోగ్రాము అమలు చేస్తుంది.

ఇక్కడ గమనించాల్సిన అంశం ఒకటి వుంది. పాత విండోస్ మెసేజిలో ఏం చెయ్యాలో వుంటుంది, ఏ కిటికీకి చేరాలో వుంటుంది. ఎవరు పంపారో రూఢిగా తెలిపే ఆనవాలు మాత్రం వుండదు. అంటే సంతకం లేని చీటీ అన్నమాట. మీరు మౌసుతో బొత్తాం నొక్కినప్పుడు వచ్చే మెసేజికీ, మరొక ప్రోగ్రాము "బొత్తాం నొక్కినట్టు భావించు" అని పంపే మెసేజికీ అందుకున్న ప్రోగ్రాము తేడా కట్టలేదు. యూనిక్స్ ప్రపంచంలో 1984లో ఎం.ఐ.టి.లో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ కథా ఇంతే. ఒకే తెరమీద వున్న ప్రోగ్రాముల్లో ఏదైనా మరొకదానిలో కొట్టే అక్షరాలు వినగలదు, దొంగ అక్షరాలు పంపగలదు. ఆ వ్యవస్థలో కృత్రిమంగా పంపిన మెసేజిమీద ఒక ముద్ర పడే ఏర్పాటు వుంది. ఎక్స్‌టెర్మ్ లాంటి ప్రోగ్రాములు ముద్ర వున్నవాటిని మామూలుగా పట్టించుకోవు. ఐతే పరీక్షల కోసం తయారుచేసిన మరొక అనుబంధం ద్వారా పంపితే ఆ ముద్ర కూడా పడదు!

వీటిని తయారుచేసినవారు తెలివితక్కువవారని అనుకోవడం పొరపాటు. వ్యక్తిగత కంప్యూటరు అంటే ఒకే మనిషిది, అందులో వుండే ప్రోగ్రాములన్నీ ఆయన కొని తెచ్చుకున్నవే, ఒక కుటుంబంలో వారికి సంతకాలెందుకు అన్నది ఆనాటి భావన. తరువాత నెట్‌వర్కు వచ్చింది. ఆ కుటుంబంలోకి తెలియనివారు కూడా వచ్చి చేరారు. చీటీల పద్ధతి మాత్రం మారలేదు.

నమ్మకస్తుడే మోసపోతే

ఈ ప్రమాదాల మూలం అర్థం కావాలంటే నార్మ్ హార్డీ 1988లో రాసిన ఒక చిన్న వ్యాసం తెలుసుకోవాలి. టైమ్‌షేర్ అనే కంపెనీలో అద్దెకు కంప్యూటరు వాడుకునేవారికి ఒక కంపైలర్ వుండేది. అది తన వాడకం లెక్కలు రాసుకోవడానికి ఒక ప్రత్యేకమైన డైరెక్టరీలో రాసే అనుమతి ఇచ్చారు. ఖాతాదారుల బిల్లుల ఫైలు కూడా ఆ డైరెక్టరీలోనే వుంది. వాడుకరి ఎవరో తన కంపైలేషన్ ఫలితం ఫలానా ఫైలులో రాయమని చెప్తూ బిల్లుల ఫైలు పేరే ఇచ్చాడు. ఆ ఫైలు ముట్టుకునే హక్కు అతనికి లేదు, కంపైలర్‌కి వుంది. కంపైలర్ చెప్పినట్టే చేసింది. బిల్లులు పోయాయి.

మన అటెండరు వుపమానంలో చెప్పాలంటే, రికార్డు రూము తాళాలు అటెండరు దగ్గరున్నాయి. బయటివాడు ఆ గదిలోకి పోలేడు. కాని చీటీ రాసిచ్చి అటెండరును పంపగలడు. అటెండరు మంచివాడే, నిజాయితీపరుడే. తన తాళాలతో ఎవరి పని చేస్తున్నాడో మాత్రం అతనికి తెలియదు. ఇటువంటి నమ్మకస్తుణ్ణి హార్డీ "గందరగోళపడ్డ ప్రతినిధి" అన్న అర్థమిచ్చే పేరుతో పిలిచాడు. ఇకముందు చెప్పబోయే ఘట్టాలన్నీ ఈ కథకు రూపాంతరాలే.

చరిత్రలో కొన్ని ఘట్టాలు

మొదటిది మెలిస్సా. 1999 మార్చి 26న వ్యాపించిన ఈ వైరస్ వర్డ్ డాక్యుమెంటులో మాక్రోగా దాక్కుంది. డాక్యుమెంటు తెరవగానే అది అవుట్‌లుక్ ప్రోగ్రాముకు ఆజ్ఞ ఇచ్చేది: చిరునామాల జాబితాలో మొదటి యాభైమందికి ఈ డాక్యుమెంటు పంపు అని. అవుట్‌లుక్ కాదనలేదు, ఎవరు నువ్వని అడగలేదు. వుత్తరాల వరద తట్టుకోలేక పెద్ద పెద్ద కంపెనీలే తమ మెయిల్ సర్వర్లు ఆపుకున్నాయి. దాన్ని వదిలిన డేవిడ్ స్మిత్‌కు 2002లో అమెరికాలో 20 నెలల జైలుశిక్ష పడింది.

2000 మే నెలలో ఫిలిప్పీన్స్‌నుంచి బయలుదేరిన "ఐ లవ్ యూ" వైరస్ అదే దారి పట్టింది. ఐతే యాభైమందితో తృప్తిపడలేదు, జాబితాలో వున్న అందరికీ పంపింది. పైగా బొమ్మల ఫైళ్ళను చెరిపి వాటిమీద తన్ను తాను రాసుకుంది. ఆనాటికి ఆ దేశంలో ఇటువంటి నేరానికి చట్టమే లేక కేసు నిలవలేదు. చట్టం ఆ తరువాతి నెలలో వచ్చింది. ఈ రెండు వైరస్‌లూ అవుట్‌లుక్ తాళం పగలగొట్టలేదు. ఆఫీసు పనులు సులువు చెయ్యడానికి పెట్టిన రాజమార్గంలోనే నడిచివెళ్ళాయి. 2000లోనే అవుట్‌లుక్‌కు ఒక సవరణ వచ్చింది: వేరే ప్రోగ్రాము చిరునామాలు అడిగితే ముందు మనిషిని అడిగేటట్టు.

రెండో ఘట్టం మరీ విచిత్రమైనది. 2002 ఆగస్టులో క్రిస్ పాజెట్ "షాటర్" అనే దాడిని వివరిస్తూ ఒక పత్రం వెలువరించాడు. వైరస్‌లను పట్టే ప్రోగ్రాము సర్వాధికారాలతో నడుస్తూ, మామూలు వాడుకరి తెరమీదే తన కిటికీ చూపిస్తూ వుంటుంది. ఆ కిటికీలో అక్షరాలు కొట్టే ఒక గడి వుంటుంది. ఏ అధికారమూ లేని చిన్న ప్రోగ్రాము ఆ గడికి మూడు చీటీలు పంపుతుంది. మొదటి చీటీ: నీలో ఇన్ని అక్షరాలే పట్టాలన్న హద్దు ఎత్తెయ్యి. రెండోది: క్లిప్‌బోర్డులో వున్నది పేస్టు చేసుకో. అక్కడ అప్పటికే తన యంత్రభాష ఆజ్ఞలు సిద్ధంగా పెట్టివుంచుతుంది. మూడోది గడియారపు మెసేజి: వేళైంది, ఫలానా చిరునామా దగ్గరున్న ఆజ్ఞలు అమలు చెయ్యి. ఆ చిరునామా పేస్టు చేసినచోటుదే. ఇక కంచే చేను మేసినట్టు, కాపలా ప్రోగ్రామే తన సర్వాధికారాలతో దొంగ పని చేసిపెడుతుంది.

ఒకే తెరమీద వున్న ప్రోగ్రాములన్నీ సమానులేనని, అధికారం వున్న ప్రోగ్రాము అక్కడ కిటికీ తెరవడమే తప్పని మైక్రోసాఫ్టు మొదట వాదించింది. 2002 డిసెంబరులో గడియారపు మెసేజికి సవరణ ఇచ్చింది. అసలు వైద్యం విండోస్ విస్టాతో, అంటే 2006-07లో, జరిగింది. ప్రోగ్రాములకు అంతస్తులు ఏర్పరచి, కింది అంతస్తువాడు పై అంతస్తువాడికి చాలా రకాల మెసేజిలు పంపకుండా చేశారు. సర్వీసులను వాడుకరి తెరనుంచే వేరుచేశారు.

మూడోది యాపిల్ వైపునుంచి. 2008 జూన్‌లో బయటపడింది. దూరంనుంచి కంప్యూటరును నిర్వహించే ఎ.ఆర్.డి.ఏజెంట్ అనే ప్రోగ్రాము ఎవరు పిలిచినా రూట్ అధికారంతో లేచేది. యాపిల్‌స్క్రిప్టులో "ఈ షెల్ ఆజ్ఞ నడుపు" అనే మాట వుంది. ఒకే ఒక్క వరుసలో "ఎ.ఆర్.డి.ఏజెంట్! ఈ షెల్ ఆజ్ఞ నడుపు" అంటే చాలు, పాస్‌వర్డు అడగకుండా రూట్ అధికారంతో నడిపేది. హార్డీ చెప్పిన అటెండరు కథ ఇరవయ్యేళ్ళ తరువాత అక్షరాలా పునరావృతమైంది.

నాలుగోది డి.డి.ఇ. పునర్జన్మ. ముప్ఫై ఏళ్ళ పాతదైన ఈ పద్ధతిని అందరూ మరిచిపోయారు, వర్డ్ మాత్రం మరిచిపోలేదు. 2017 అక్టోబరులో సెన్స్‌పోస్ట్ సంస్థ పరిశోధకులు ఒక సంగతి చూపించారు: మాక్రో ఒక్కటి కూడా లేకుండా, డాక్యుమెంటులో ఒక డి.డి.ఇ. ఫీల్డు పెడితే, దాన్ని తెరిచినప్పుడు వర్డ్ వేరే ప్రోగ్రామును లేపుతుంది. రెండు ప్రశ్నలు అడుగుతుంది, నిజమే. కాని ఆ ప్రశ్నల భాష చూస్తే ప్రమాదం వుందని మామూలు మనిషికి తోచదు. దొంగలు దీన్ని వెంటనే అందిపుచ్చుకున్నారు. 2017 డిసెంబరులో మైక్రోసాఫ్టు వర్డ్‌లో డి.డి.ఇ.ని మూసివేసింది. పాత సౌకర్యం ఎవరూ వాడకపోయినా తలుపు తలుపేనని దీన్నిబట్టి గ్రహించాలి.

మన ఆఫీసులకు దగ్గరి వుదాహరణ

ఇవన్నీ ఎక్కడివో అనుకోనక్కర్లేదు. ఈరోజుల్లో ఏ కాలేజీలోనైనా అప్లికేషన్లు ఆన్‌లైన్ ఫారాల ద్వారానే వస్తాయి. అందరి వివరాలూ సి.ఎస్.వి. ఫైలుగా దింపుకొని గుమస్తా ఎక్సెల్‌లో తెరుస్తాడు. సి.ఎస్.వి. అంటే కామాలు పెట్టిన వట్టి అక్షరాలే కదా, అందులో ప్రమాదమేముంది అనిపిస్తుంది. ప్రమాదం ఫైలులో లేదు, తెరిచే ప్రోగ్రాములో వుంది. గడిలోని మొదటి అక్షరం సమానం గుర్తు ఐతే ఎక్సెల్ దాన్ని పేరుగా కాక సూత్రంగా భావిస్తుంది. ప్లస్సు, మైనస్సు, ఎట్ గుర్తులతో మొదలైనవాటి విషయంలోనూ జాగ్రత్త అవసరమే.

సమానం గుర్తు తరువాత ప్రోగ్రాము పేరు, నిలువు గీత, టాపిక్కు, ఆశ్చర్యార్థకం, ఐటెం అని వరసగా రాస్తే అది డి.డి.ఇ. సంభాషణకు ఆహ్వానం. తండ్రిపేరు రాయాల్సిన గడిలో ఇది రాసినవాడు ఆఫీసు కంప్యూటరుకు చీటీ పంపినట్టే. కొత్త ఎక్సెల్‌లలో వేరే ప్రోగ్రామును లేపే ఈ సౌకర్యం ముందుగానే కట్టివేసి వుంటుంది. పాతవి వాడే ఆఫీసులకు ఆ రక్షణ లేదు. డి.డి.ఇ. లేకపోయినా, హైపర్‌లింకు సూత్రం రాసి పక్క గడుల్లోని సమాచారాన్ని ఆ లింకులో చేర్చొచ్చు. గుమస్తా "వివరాలకు ఇక్కడ నొక్కండి" అన్న మాట చూసి నొక్కితే, పక్క విద్యార్థి ఫోన్ నంబరూ బ్యాంకు ఖాతా నంబరూ బయటి సర్వరుకు చేరతాయి. స్కాలర్‌షిప్ డబ్బులు ఆ ఖాతాల్లోకే వస్తాయన్న సంగతి మనకు తెలిసిందే.

దీనికి మందు ఆ ఫైలు తయారుచేసే ప్రోగ్రాములో వుంది. అనుమానపు గుర్తుతో మొదలైన గడి ముందు ఒక కొటేషన్ గుర్తు చేర్చి, అది వట్టి అక్షరాలేనని చెప్పాలి. నా ప్రాక్టికల్ క్లాసులో దీన్ని క్యాలిక్యులేటరు తెరిపించి చూపిస్తాను. పేర్ల జాబితా తెరిస్తే క్యాలిక్యులేటరు లేవడం చూసిన విద్యార్థి ఆ పాఠం మరిచిపోడు.

ఇంకో తలుపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొన్ని ప్రోగ్రాములు మన కంప్యూటరులోనే చిన్న వెబ్ సర్వరు పెట్టుకొని ఆజ్ఞలకోసం ఎదురుచూస్తాయి. బయటివారు రాలేరు, లోపలివారే రాగలరని ధీమా. కాని బ్రౌజరు లోపలే వుంది. బ్రౌజరులో తెరిచిన పేజీ బయటిది! 2019 జూలైలో జూమ్ ప్రోగ్రాము విషయంలో ఇదే బయటపడింది. మాక్ కంప్యూటర్లలో అది పెట్టిన సర్వరు ద్వారా ఏ వెబ్ పేజీ ఐనా మనల్ని మీటింగులోకి లాగగలిగేది. జూమ్‌ను తీసేసినా ఆ సర్వరు మిగిలిపోయి, మళ్ళీ జూమ్‌ను తెచ్చిపెట్టేది. చివరికి యాపిల్ వారే ఆ సర్వరును తొలగించే సవరణ పంపారు.

ఐతే అన్నీ మూసేద్దామా?

ఇంత చెప్పాక "ఒక ప్రోగ్రాము మరొకదాన్ని ముట్టుకోకుండా గోడ కట్టేస్తే పోలా?" అని క్లాసులో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మా క్లాసులోనే ముందు బెంచీలో కూర్చొని వుండేది. ఆ అబ్బాయికి చూపు లేదు. ఇయర్‌ఫోన్ పెట్టుకొని తెరమీది ప్రతి అక్షరాన్నీ వింటూ, మాలో చాలామందికంటే వేగంగా ప్రోగ్రాములు రాసేవాడు. అతను వాడేది ఎన్.వి.డి.ఎ. అనే వుచిత స్క్రీన్ రీడరు. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, జేమ్స్ టే వచ్చి కలిశాడు, ఇద్దరూ చూపులేనివారే. ఆ ప్రోగ్రాము చేసే పనేమిటి? మిగతా ప్రోగ్రాముల కిటికీల్లోకి తొంగిచూడ్డం, మీటలు మధ్యలో అందుకోవడం, బొత్తాలు తాను నొక్కడం. దొంగ ప్రోగ్రాము చేసే పనులే! గోడ కట్టేస్తే దొంగతోపాటు ఆ అబ్బాయి కూడా బయటే వుండిపోతాడు.

మరో వుదాహరణ మన భాషదే. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, వచ్చిన తరువాత కూడా ఎన్నో ఏళ్ళు, మన డి.టి.పి. సెంటర్లలో పేజ్‌మేకర్‌లో తెలుగు కూర్చడానికి అను స్క్రిప్టు మేనేజరు వంటివి వాడారు. కొట్టిన మీటను మధ్యలో అందుకొని, దాని బదులు తెలుగు అక్షరపు ముక్కల సంకేతాలను పేజ్‌మేకర్‌కు అందించడమే వాటి పని. ఒక ప్రోగ్రాము మరొకదాని మీటలు ముట్టుకోకూడదన్న నియమం ఆనాడే గట్టిగా వుంటే, ఇటువంటి సావనీర్లు ఎన్నో అచ్చయ్యేవి కావు. కాబట్టి తలుపులు వుండాల్సిందే. తలుపు దగ్గర అడిగేవాడు ఒకడుండాలి, అంతే.

పరిష్కార మార్గాలు

ఇప్పటివరకు ఆచరణలోకి వచ్చిన వుపాయాలను నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది చీటీమీద సంతకం. లినక్స్‌లో వాడే డి-బస్ వ్యవస్థలో చీటీలన్నీ ఒక మధ్యవర్తి ద్వారా పోతాయి. పంపినవారి పేరు ఆ మధ్యవర్తే రాస్తుంది. పంపినవాడు అబద్ధం రాయలేడు. ఎవరు ఎవరికి ఏ ఆజ్ఞ పంపవచ్చో నియమాల ఫైలు కూడా వుంటుంది.

రెండోది అంతస్తులు, గోడలు. విస్టా పద్ధతి పైన చెప్పాను. అందులోనూ స్క్రీన్ రీడర్లకోసం ఒక మినహాయింపు పెట్టారు. ఐతే ఆ ప్రోగ్రాముమీద గుర్తింపుపొందిన డిజిటల్ సంతకం వుండాలి, భద్రమైన డైరెక్టరీలోంచి నడవాలి. లినక్స్‌లో 2008లో మొదలైన వేలాండ్ పద్ధతిలో ఒక ప్రోగ్రాముకు మరొకదాని మీటలు వినపడవు.

మూడోది మనిషి అనుమతి. 2018 సెప్టెంబరులో వచ్చిన మాక్ ఓ.ఎస్. మొహావీనుంచి, ఒక ప్రోగ్రాము మొదటిసారి మరొకదాన్ని నడిపించబోతే "ఫలానాది ఫలానాదాన్ని అదుపు చేస్తానంటోంది, ఒప్పుకుంటారా?" అని అడుగుతుంది. ఎవరు ఎవరిని అన్నది పేర్లతో సహా వుండటం ఇందులో మేలు. కాని ప్రశ్నలు ఎక్కువైతే మనిషి చదవకుండా ఓకే నొక్కడం అలవాటు చేసుకుంటాడు. అలా నొక్కినవాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. రోజుకి వంద ఫైళ్ళు తెరవాల్సిన గుమస్తాను ప్రతిదానికీ భద్రతా నిపుణుడివి కమ్మనడం న్యాయమా? ఆ బాధ్యతలో ఎక్కువ పాలు ప్రోగ్రాము రాసినవాడిదే అని నా వుద్దేశ్యం.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, చీటీలో రాయగలిగిన పనులే తక్కువగా వుంచడం. "ఏ ఆజ్ఞ ఇచ్చినా నడుపుతాను" అన్నది ఆజ్ఞ కాదు, ఖాళీ చెక్కుమీద సంతకం. "ఈ నంబరు విద్యార్థి మార్కులు చూపు" అన్న ఒక్క పని మాత్రమే తెలిసిన ప్రోగ్రామును ఎవరెంత మోసగించినా మార్కులు చూపడంకంటే ఎక్కువ చెయ్యలేదు.

ప్రాజెక్టులు రాసేవారికి

విద్యార్థి మిత్రులు గుర్తుంచుకోదగ్గ సూత్రాలు కొన్ని. బయటినుంచి వచ్చిన అక్షరాలను ఆజ్ఞలో అతికించి షెల్‌కు ఇవ్వకండి. ప్రోగ్రాము పేరు వేరుగా, దానికిచ్చే విలువలు వేరుగా పంపండి. మీ ప్రోగ్రాము ఎవరి ఆజ్ఞ విన్నా, పంపినదెవరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తెలుసుకోండి. చీటీలో రాసుకున్న పేరు నమ్మకండి. ఒకే కంప్యూటరులోంచి వచ్చింది కదా అని ఏ ఆజ్ఞనూ చుట్టంగా చూడకండి. మీ ప్రోగ్రాముకు పెద్ద అధికారం అవసరమైతే, ఆ అధికారం కావలసిన ముక్కను చిన్నదిగా విడదీసి, మిగతాదాన్ని మామూలు అధికారంతో నడపండి. వాడని సౌకర్యాన్ని తీసెయ్యండి. తీసెయ్యడానికి వీల్లేకపోతే కనీసం మూసి వుంచండి, కావలసినవాడు తెరుచుకుంటాడు.

ఇప్పుడు ఈ పాఠానికి కొత్త అవసరం కూడా వచ్చింది. మనం మామూలు మాటల్లో చెప్తే మన బదులు మెయిళ్ళు చదివి, ఫైళ్ళు తెరిచి, ఇతర ప్రోగ్రాములను నడిపించే కృత్రిమ మేధ సహాయకులు వచ్చాయి. అవి చదివే వుత్తరంలోనే ఎవరో ఒక ఆజ్ఞ రాసిపెడితే? చదవాల్సిన సమాచారమేదో, చెయ్యాల్సిన పని ఏదో విడదీసి చూడటం వాటికి ఇంకా పూర్తిగా చేతకాలేదు. తాళాలగుత్తి మొలకు కట్టుకొని, దారిలో ఎవరు చీటీ ఇచ్చినా పుచ్చుకునే అటెండరు మళ్ళీ మన ఎదట నిలబడ్డాడు. ఈసారి అతనికి మాటలు కూడా వచ్చు.

డి.డి.ఇ.ని తయారుచేసినవారు ముప్ఫై ఏళ్ళ తరువాత తమ చీటీలు ఎవరి చేతుల్లో పడతాయో వూహించలేదు. ఈ కాలేజీనుంచి బయటికి వెళ్ళి మీరు రాయబోయే ప్రోగ్రాములు కూడా మీరనుకున్నదానికంటే ఎక్కువ కాలమే బతుకుతాయి. మీరెన్నడూ చూడని మనుషులు వాటిని వాడతారు. వారి మార్కులు, జీతాలు, వైద్యం వివరాలు వాటిలోనే వుంటాయి. పని జరిగేటట్టు రాయడం మేము నేర్పగలం. ఎవరి మాటమీద జరుగుతున్నదో అడిగేటట్టు రాయడం మీరు అలవాటు చేసుకోవాలి.